మూడేళ్లు దాటాక అమ్మిన ఇల్లు

తెనాలిలో ఓ రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఇల్లు అనుకోండి. 2020 జూన్ చివరి ఆదివారం. మధ్యాహ్నం భోజనాలవేళకి ఇంగ్లండు నుంచి కూతురు ఫోను చేసింది. ప్రతి ఆదివారం వచ్చే ఫోనే. మనవడి ఆన్‌లైన్ చదువు, మాస్కులు, దుకాణాల ముందు క్యూలు... మాటలన్నీ అయ్యాక అసలు సంగతి మెల్లగా బయటికొచ్చింది.

''నాన్నా, పాత ఫ్లాటు గడువు పోయినవారంతో అయిపోయింది. ఆ పన్నెండువేల పౌండ్లూ ఇక వదులుకోవాల్సిందే.''

''ఏ పన్నెండువేలమ్మా?''

''కొత్తిల్లు కొన్నప్పుడు ఎక్కువ పన్ను కట్టాం కదా. మూడేళ్లలోగా పాతది అమ్మితే వెనక్కిస్తామన్నారు. ఆ మూడేళ్లూ అయిపోయాయి. ఫ్లాటు ఇంకా అలాగే ఉంది.''

అప్పటి మారకం లెక్కన అది పదకొండు లక్షల రూపాయల పైమాట. ముప్ఫైఏళ్లు బ్యాంకులో అప్పుల ఫైళ్లు చూసిన మనిషి అంత తేలిగ్గా వదులుకోలేడు. ''ఎందుకు అమ్ముడుపోలేదు? ఎవరు ఏ తేదీన ఏమన్నారు? ఆ కాగితాలున్నాయా?'' అని వరుసగా ప్రశ్నలు వేశాడాయన. ఆ ప్రశ్నలే చివరికి పనికొచ్చాయి.

ఇంగ్లండులో స్థిరపడ్డ పిల్లలున్న ఇళ్లలో ఈ పన్ను సంగతి తెలిసి ఉండటం మంచిది. ఎందుకంటే అప్పటికన్నా ఇప్పుడు ఆ మొత్తం ఇంకా పెద్దది. గడువు దాటింది కదాని చాలామంది ఆశ వదులుకునేచోట, చట్టంలో ఒక చిన్న తలుపు తెరిచే ఉంది. అది అందరికోసం తెరిచిన తలుపు కాదు. ఎవరికి తెరుచుకుంటుందో, ఎవరికి తెరుచుకోదో తెలియాలంటే లెక్క మొదటినుంచీ చూడాలి.

రెండో ఇంటికి అదనపు వడ్డన

మన దగ్గర ఇల్లు కొంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో స్టాంపు డ్యూటీ కడతాం. ఇంగ్లండు, ఉత్తర ఐర్లండుల్లో దానికి సాటి అయినది 'స్టాంప్ డ్యూటీ లాండ్ టాక్స్'. 2003 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. కొన్నవాళ్లే కట్టాలి. సాధారణంగా ఆ పనంతా కొనుగోలుదారుడి సొలిసిటరే చూసుకుంటాడు. రిటర్ను వేసి పన్ను కట్టడానికి ఒకప్పుడు 30 రోజులుండేది. 2019 మార్చి 1 నుంచి 14 రోజులే.

ఈ పన్ను మన ఆదాయపు పన్నులా మెట్లు మెట్లుగా ఉంటుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన రేట్ల ప్రకారం ఇంటి ధరలో మొదటి 1,25,000 పౌండ్లకు పన్ను లేదు. ఆపైన 2,50,000 దాకా 2 శాతం, అక్కణ్నుంచి 9,25,000 దాకా 5 శాతం, ఆపైన ఇంకా ఎక్కువ. ఈ లెక్కన 4 లక్షల పౌండ్ల ఇంటికి ఎంతవుతుంది? మొదటి మెట్టు మీద సున్నా, రెండోదాని మీద 2,500, మిగిలిన లక్షన్నర మీద 7,500. మొత్తం 10 వేల పౌండ్లు.

ఇది ఒక్క ఇల్లే ఉన్నవారి సంగతి. ఇప్పటికే ఓ ఇల్లుండి మరొకటి కొనేవారికి 2016 ఏప్రిల్ 1 నుంచి అదనపు వడ్డన మొదలైంది. ఉన్నవాళ్లు రెండేసి మూడేసి ఇళ్లు కొని అద్దెలకిచ్చుకుంటుంటే మొదటిసారి కొనేవాళ్లకు ఇళ్లు దొరకడంలేదన్న వాదన బలపడటంతో అప్పటి ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ దీన్ని తెచ్చారు. అప్పట్లో అదనం 3 శాతం. 2024 అక్టోబరు 31 నుంచి అది 5 శాతమైంది.

అసలు నొప్పి ఇక్కడే ఉంది. ఈ అదనపు శాతానికి మినహాయింపు మెట్టు లేదు. ఇంటి ధర 40 వేల పౌండ్లు ఉంటే చాలు, మొత్తం ధర మీద మొదటి పౌండు నుంచీ పడుతుంది. అదే 4 లక్షల ఇంటికి పాత రేటులో అదనం 12 వేల పౌండ్లు. కొత్త రేటులో 20 వేలు. అంటే మామూలు పన్ను 10 వేలైతే దానిపైన వడ్డన రెండింతలు! మన రూపాయల్లో 20 లక్షలు దాటిపోతుంది.

ఆ రాత్రికి ఎన్ని ఇళ్లు?

తెనాలి పెద్దాయన కూతురూ అల్లుడూ వ్యాపారులేం కాదు. అద్దెలకోసం ఇళ్లు కొనే రకం అంతకన్నా కాదు. ఇద్దరూ ఉద్యోగులే. లండన్‌కు పడమరగా ఉన్న రెడింగ్‌లో రెండు పడగ్గదుల ఫ్లాటు. రెండో బిడ్డ పుట్టాక చాల్లేదు. 2017లో అదే ఊళ్లో 4 లక్షల పౌండ్లకు ఇల్లు చూసుకున్నారు. పాత ఫ్లాటు అమ్మి, ఆ డబ్బుతో కొత్తది కొనాలన్నది ఆలోచన. తీరా ఆఖరివారంలో ఫ్లాటు కొంటానన్న మనిషి వెనక్కి తగ్గాడు. కొత్తింటి అమ్మకందారు ఆగనన్నాడు. చేతిలో ఉన్నది ఊడ్చి, బ్యాంకు అప్పు పెంచుకుని, 2017 జూన్ మూడోవారంలో కొత్తింట్లో పాలు పొంగించారు.

చట్టం చూసేది ఒక్కటే. కొన్న రోజు ముగిసేసరికి మీ పేరున ఎన్ని ఇళ్లున్నాయి? వీళ్లకి ఆ రాత్రికి రెండున్నాయి. ఎందుకున్నాయన్నది అప్పుడు అడగరు. 10 వేలతోపాటు అదనపు 12 వేలూ కట్టి తీరాలి. కట్టారు.

అయితే ఇలాంటి కుటుంబాలు ఉంటాయని చట్టం రాసినవారికి తెలుసు. అందుకే, ఉంటున్న ఇంటిని మార్చుకునేవారికి ఓ వెసులుబాటు పెట్టారు. కొత్తిల్లు కొన్నాక మూడేళ్లలోగా పాత ఇల్లు అమ్మేస్తే అదనంగా కట్టించుకున్నది వెనక్కిస్తారు. మొదట్లో 18 నెలలే అనుకున్నారు. 2016లో చట్టం వచ్చేనాటికి అది 36 నెలలైంది.

మూడేళ్లంటే చాలా కాలం అనిపిస్తుంది. మన జంటకూ అలాగే అనిపించింది. కొత్తింటి వాయిదాలు, బిడ్డ క్రెష్ ఖర్చులు. ఫ్లాటును అద్దెకిచ్చి ఊపిరి పీల్చుకున్నారు. మధ్యలో అద్దెకివ్వడం తప్పేం కాదు. రీఫండుకు అదేమీ అడ్డు రాదు. 2019 చివర్లో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు. రంగులు వేయించి 2020 జనవరిలో అమ్మకానికి పెట్టారు. ఫిబ్రవరిలో ధర కుదిరింది. ఏప్రిల్ నెలాఖరుకి అమ్మకం పూర్తి చేద్దామని ఇరుపక్షాల సొలిసిటర్లూ అనుకున్నారు. గడువుకి ఇంకా ఏడువారాలు మిగులుతుంది. అంతా సవ్యంగానే ఉంది.

మార్చి 26న ఆగిపోయింది

కొవిడ్ వచ్చింది. 2020 మార్చి 26న బ్రిటన్ ప్రభుత్వం ఇళ్లు మారడాలు వీలైనంతవరకూ వాయిదా వేసుకోమంది. ఎస్టేట్ ఏజెంట్ల ఆఫీసులు మూతపడ్డాయి. ఇల్లు చూపించే వీల్లేదు, విలువ కట్టేవాళ్లు గడప దాటే వీల్లేదు. ఇంగ్లండులో మళ్లీ ఇళ్ల మార్కెట్ తెరిచింది మే 13న. ఈలోగా ఫ్లాటు కొంటానన్న అతని ఉద్యోగం పోయింది. బ్యాంకు అప్పు ఇవ్వనంది. ఓ చిన్న ఈమెయిల్‌తో బేరం ముగిసిపోయింది. మే 13 తరవాత మళ్లీ అమ్మకానికి పెట్టేసరికి గడువుకి మిగిలింది ఐదువారాలు. ఇంగ్లండులో ఇల్లు అమ్మాలంటే నెలలు పట్టే వ్యవహారం. జూన్ మూడోవారం రానే వచ్చింది, పోయింది.

ఆ ఆదివారం ఫోను అప్పటిదే.

ఆయన వేసిన మొదటి ప్రశ్న ''కొంటానన్నాయన వెళ్లిపోతూ రాసిన ఉత్తరం ఉందా?'' అని. ఉంది, ఈమెయిల్లో. ''ఏజెంటుతో ఒప్పందం ఏ తేదీన చేసుకున్నారు? ఏప్రిల్లో పూర్తి చేద్దామని సొలిసిటర్ రాశాడా, నోటిమాటా?'' రాశాడు. ''అయితే అన్నీ ఒక ఫైల్లో పెట్టండి. పైన ఒక తెల్లకాగితం మీద తేదీల వరుస రాయండి. ఏదీ పారేయొద్దు.''

''గడువైపోయింది కదా మామయ్యగారూ, ఇక కాగితాలు దేనికి?'' అన్నాడు అల్లుడు.

''ఏమో అల్లుడుగారూ. దేశమంతా ఆగిపోయినప్పుడు మీ ఒక్కరి గడువే పరుగెడుతుందా? ఏదో ఒకటి చేస్తారు. చేసిన రోజున మీ దగ్గర రుజువుండాలి కదా!''

పెద్దాయన ఊహ వమ్ము కాలేదు. 2020 జులై 22న ఆమోదం పొందిన బ్రిటన్ ఆర్థిక చట్టంలో ఆ సవరణ వచ్చింది. 2017 జనవరి 1న గానీ ఆ తరవాత గానీ ఇల్లు కొన్నవారు, అసాధారణ పరిస్థితుల వల్ల మూడేళ్లలో పాత ఇల్లు అమ్మలేకపోతే, ఆలస్యంగా అమ్మినా రీఫండు అడగవచ్చు. ఆ సవరణ కొవిడ్‌తోనే ఆగిపోలేదు, చట్టంలో శాశ్వతంగా చేరింది. ఇవాళ్టికీ గడువు దాటినవారికి ఉన్న దారి అదే.

తలుపు ఎవరికి తెరుచుకుంటుంది?

అసాధారణ పరిస్థితి అనగానే ఎవరి కష్టం వారికి అసాధారణంగానే కనిపిస్తుంది. పన్నులశాఖ అయిన హెచ్‌ఎంఆర్‌సీ మాత్రం కొన్ని ప్రశ్నలు పెట్టుకుని చూస్తుంది.

ఒకటి: ఆ అడ్డంకి మీ చేతిలో లేనిదేనా? ముందుగా ఊహించగలిగింది కాదా?

రెండు: ఆ అడ్డంకే లేకపోతే మూడేళ్లలోగా మీరు నిజంగా అమ్మి ఉండేవారా?

మూడు: అడ్డంకి తొలగాక వీలైనంత త్వరగా అమ్మేశారా?

కొవిడ్ ఆంక్షలు, అమ్మకాన్ని ఆపేసిన ప్రభుత్వ సంస్థల చర్యలు ఈ కోవలోకి వస్తాయని శాఖే ఉదాహరణలు చెప్పింది. మంచి ధర కోసం ఆగాం, మార్కెట్ బాగాలేదు, అద్దె బాగా వస్తోంది కదాని ఉంచాం... ఇలాంటివి పై ప్రశ్నల ముందు నిలవడం కష్టం. ధరలు పెరగడం తగ్గడం ఎప్పుడూ ఉండేదే. తగ్గించి అమ్మే వీలు యజమాని చేతిలోనే ఉంది.

మన జంట విషయంలో రెండో ప్రశ్నే కీలకం. 'మూడేళ్లలో రెండున్నరేళ్లు అద్దెకిచ్చి కూర్చున్నారుగా, కొవిడ్ మీదికి నెడతారేం?' అని ఎవరైనా అడగవచ్చు. దానికి జవాబు ఆ ఫైల్లో ఉంది. జనవరిలో అమ్మకానికి పెట్టారు. ఫిబ్రవరిలో ధర కుదిరింది. ఏప్రిల్లో పూర్తి చేస్తామని సొలిసిటర్ రాసిన ఉత్తరం ఉంది. గడువులోపే అమ్మకం అయిపోయేది, ఆగింది మార్చి 26న. మే 13 తరవాత వెంటనే మళ్లీ ప్రకటన ఇచ్చారు. నోటితో ఎంత చెప్పినా రాని నమ్మకం తేదీల వరుస తెస్తుంది.

అదే జంట అసలు అమ్మకానికే పెట్టకుండా 'గడువు దగ్గరపడ్డాక చూద్దాంలే' అని కూర్చుని ఉంటే? కొవిడ్ వాళ్లకీ వచ్చేది. కానీ అది లేకపోతే అమ్మేవారమని చూపించే కాగితం ఒక్కటీ ఉండేది కాదు.

మంట అంటని ఫ్లాట్ల కథ

ముందుగా ఊహించగలిగిందా అన్న ప్రశ్న ఎంత పదునైనదో చెప్పడానికి ఇంగ్లండులోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే 24 అంతస్తుల భవనం తగలబడి 72 మంది చనిపోయారు. బయటి గోడలకు తాపడంగా బిగించిన పలకలే మంటల్ని పైదాకా మోసుకెళ్లాయి. ఆ తరవాత దేశంలో అలాంటి పలకలున్న భవనాల్లో ఫ్లాట్లు కొనేవారికి అప్పులివ్వడానికి బ్యాంకులు వెనకాడాయి. బయటి గోడలు సురక్షితమేనని నిపుణులిచ్చే పత్రం కావాలన్నాయి. 'ఈడబ్ల్యూఎస్ 1' అనే ఆ పత్రం 2019 డిసెంబరులో వచ్చింది. పత్రం లేని ఫ్లాట్లు అమ్ముడుపోక యజమానులు ఏళ్లతరబడి ఇరుక్కుపోయారు. తమ ఫ్లాటుకు ఏ మంటా అంటకపోయినా సరే!

ఇలాంటి ఫ్లాటు యజమాని 2018లో కొత్తిల్లు కొని ఉంటే, ఈ చిక్కు తనకు ఊహకందనిదని వాదించడానికి ఆస్కారముంది. 2023లో కొన్నవారైతే? అప్పటికి ఆ చిక్కు పేపర్లలో, పార్లమెంటులో నలిగి నలిగి ఉంది. 'తెలిసే కొన్నారు కదా' అన్న ప్రశ్న వస్తుంది. అడ్డంకి ఒక్కటే. కొన్న సంవత్సరాన్ని బట్టి జవాబు మారుతుంది. అందుకే పక్కింటివారికి వచ్చింది కాబట్టి మనకీ వస్తుందనుకోకూడదు. ప్రతి దరఖాస్తునూ విడిగానే చూస్తారు.

ఇక్కడి ఇల్లూ లెక్కలోకే

ఈ పన్ను విషయంలో తెలుగు కుటుంబాలను ప్రత్యేకంగా తాకే సంగతి మరొకటుంది. 'ఇప్పటికే ఇల్లుందా?' అని చట్టం అడిగేది ఇంగ్లండులో ఇంటి గురించి మాత్రమే కాదు. ప్రపంచంలో ఎక్కడున్నా ఇల్లు ఇల్లే. మీ వాటా విలువ 40 వేల పౌండ్లు దాటితే చాలు. హైదరాబాద్ మియాపూర్లో ఫ్లాటు, విశాఖలో తండ్రి రాసిచ్చిన ఇల్లు కూడా లెక్కలోకే వస్తాయి. భార్యాభర్తలు కలిసి ఉంటుంటే ఇద్దరినీ ఒకరిగానే చూస్తారు. ఇంగ్లండులో ఇల్లు భర్త పేరున కొన్నా, భార్య పేరున ఇక్కడున్న ఫ్లాటు వల్ల అదనపు పన్ను పడుతుంది. వారసత్వంగా వచ్చిన ఇంట్లో వాటా సగానికి మించకపోతే, వచ్చిన మూడేళ్లదాకా మాత్రం దాన్ని పట్టించుకోరు.

ఉదాహరణకు హైదరాబాద్‌లో సొంత ఫ్లాట్లో కాపురముండి, ఉద్యోగం మీద ఇంగ్లండు వెళ్లినవారిని తీసుకోండి. వెళ్లిన రెండేళ్లకు అక్కడ ఇల్లు కొన్నారు. అదనపు పన్ను కట్టారు. అక్కడ కొన్న రోజుకు వెనక మూడేళ్లలో ఎప్పుడైనా హైదరాబాద్ ఫ్లాటే వాళ్ల ప్రధాన నివాసం అయ్యుండి, కొన్నాక మూడేళ్లలోగా ఆ ఫ్లాటు అమ్మేస్తే రీఫండుకు అర్హత ఉంటుంది. ఐదేళ్లు అద్దింట్లో ఉండి ఆ తరవాత కొంటే మాత్రం ఉండదు. ఫ్లాటు అమ్మినా సరే. ఎందుకంటే అప్పటికి అది 'వదిలివచ్చిన ఇల్లు' కాదు, 'ఇంకో ఇల్లు' మాత్రమే.

ఈ నియమం తెలియక, 'అబ్బాయి పేరున ఉంటే మంచిదిలే' అని ఇక్కడి పెద్దలు రాయించే దస్తావేజు, అక్కడ అబ్బాయికి 20 వేల పౌండ్ల బిల్లు కావచ్చు. రాయించేముందు ఒక్క ఫోను చేసి కనుక్కుంటే పోయేదేం లేదు.

అమ్మితే మొత్తం అమ్మాలి

రీఫండు అడిగేవారు తరచూ పొరబడే చోట్లు మరికొన్ని ఉన్నాయి.

పాత ఇంట్లో సగం వాటా తమ్ముడికి అమ్మి సగం ఉంచుకుంటే కుదరదు. భార్య పేరుకి మార్చేసి అమ్మేశానన్నా చెల్లదు. ఇంటిమీద ఉన్న హక్కు మొత్తం వదులుకోవాలి.

అడ్వాన్సు తీసుకున్న తేదీ కాదు, అమ్మకం పూర్తయి తాళాలు చేతులు మారిన తేదీని చూసుకోవాలి. గడువుకి రెండురోజుల ముందు బేరం కుదిరింది కదాని నిశ్చింతగా ఉండరాదు.

కొత్తగా కొన్న ఇంట్లో తామే ఉండాలి. అది అద్దెకోసం కొన్నదైతే పాతది ఎప్పుడు అమ్మినా రీఫండు రాదు.

రీఫండు అడగడానికి కూడా వేరే గడువుంది. పాత ఇల్లు అమ్మిన రోజు నుంచి 12 నెలలు గానీ, కొత్తింటి పన్ను రిటర్ను వేయాల్సిన ఆఖరు తేదీ నుంచి 12 నెలలు గానీ, రెండింట్లో ఏది తరవాతైతే అది. 2018 అక్టోబరు 29కి ముందు ఇది అమ్మిన తరవాత 3 నెలలే ఉండేది. ఆలస్యంగా అమ్మినవారికీ ఈ గడువు వర్తిస్తుంది. ఒక గడువు దాటినందుకు మన్నిస్తారేమోగానీ, రెండోదీ దాటబెట్టుకుంటే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఈ లెక్కలన్నీ ఇంగ్లండు, ఉత్తర ఐర్లండులవి. స్కాట్లండు, వేల్స్‌లలో ఈ పన్ను పేరూ రేట్లూ వేరు. స్కాట్లండులో పాత ఇల్లు అమ్మే గడువు మొదట్లో 18 నెలలే. 2024 ఏప్రిల్ 1 నుంచి కొన్నవారికి 36 నెలలు చేశారు. ఎడిన్‌బరోలో ఉన్న పిల్లలు లండన్‌లో స్నేహితుల మాట పట్టుకుని లెక్కలు వేసుకోకూడదు.

ఫైల్లో ఏముండాలి?

రీఫండుకోసం 'ఎస్‌డీఎల్‌టీ 16' అనే ఫారం ఉంది. ఆన్‌లైన్లో నింపొచ్చు. కొత్తింటి చిరునామా, కొన్న తేదీ, కట్టిన పన్ను, ఆ రిటర్నుకిచ్చిన నంబరు, పాత ఇంటి చిరునామా, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు, డబ్బు వేయాల్సిన బ్యాంకు ఖాతా వివరాలు కావాలి. గడువు దాటినవారు అందుకు కారణాన్ని వివరించి ఆధారాలు చూపించాలి. ఆ ఆధారాలు ఎప్పటికప్పుడు దాచుకోవాల్సినవే. తరవాత వెతికితే దొరకవు.

ఎస్టేట్ ఏజెంటుతో చేసుకున్న ఒప్పందం, ఇల్లు అమ్మకానికి పెట్టిన తేదీ, ధర తగ్గించినప్పుడల్లా ఆ తేదీ రాసుకోవాలి. వచ్చి చూసినవారి వివరాలు, బేరం కుదిరినట్టు ఏజెంటు పంపిన ఉత్తరం, బేరం చెడినప్పుడు కొనేవాళ్లు చెప్పిన కారణం భద్రపరచాలి. బ్యాంకు అప్పు కాదంటే ఆ సంగతి రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. ప్రభుత్వ సంస్థ అడ్డుపడితే దాని నోటీసు, అడ్డు తొలగినట్టు చెప్పే ఉత్తరం రెండూ ఉండాలి. పాత ఇంట్లో నిజంగా కాపురమున్నామని చూపించడానికి ఆ రోజుల కౌన్సిల్ టాక్స్ బిల్లులు పనికొస్తాయి. ఫోనులో మాట్లాడుకున్నవి ఆ రోజే ఓ ఈమెయిల్‌గా రాసి పంపితే అదే రుజువవుతుంది.

ఈ దరఖాస్తుకు ఫీజు లేదు. ఎవరికివారు చేసుకోవచ్చు, లేదా ఇల్లు కొనిపెట్టిన సొలిసిటర్‌ను అడగవచ్చు. 'మీకు స్టాంపు డ్యూటీ వెనక్కొస్తుంది, వచ్చినదాంట్లో మా వాటా ఇస్తే చాలు' అంటూ వచ్చే ఉత్తరాలతో జాగ్రత్తగా ఉండాలి. మరమ్మతులు అవసరమైనంత మాత్రాన ఇల్లు నివాసయోగ్యం కాదని చెప్పి డబ్బు వెనక్కి తెప్పిస్తామనే ఏజెంట్ల గురించి 2025లో పన్నులశాఖే కొనుగోలుదారులను హెచ్చరించింది. అలాంటి వాదనను అదే ఏడాది అక్కడి అప్పీలు కోర్టు కొట్టేసింది. తప్పుడు దరఖాస్తుతో వచ్చిన సొమ్మును వడ్డీతో సహా తిరిగి కట్టాల్సింది ఏజెంటు కాదు, సంతకం పెట్టిన ఇంటి యజమానే.

తెనాలి ఫోను మళ్లీ

రెడింగ్ ఫ్లాటుకు 2020 జులైలో కొత్త బేరం వచ్చింది. అడిగినదానికి ఆరువేలు తక్కువిస్తామన్నారు. ఇంకొన్నాళ్లు ఆగుదామా అన్నాడు అల్లుడు. ''వద్దు. ఇప్పుడు ఆగితే ఆలస్యం కొవిడ్‌ది కాదు, మీదవుతుంది'' అన్నారు మామగారు. అక్టోబరులో అమ్మకం పూర్తయింది. నవంబరులో దరఖాస్తు వెళ్లింది. పైన ఒకే ఒక్క పేజీలో పదకొండు తేదీలు. కింద ఒక్కో తేదీకీ ఒక్కో కాగితం.

సంక్రాంతి ముందు ఆదివారం మళ్లీ ఫోను మోగింది.

''నాన్నా, పన్నెండువేలూ పడ్డాయి!''

''మంచిదమ్మా. ముందు కొత్తింటి అప్పులో కట్టేయండి'' అన్నాడాయన. ఫోను పెట్టేయబోయి మళ్లీ గుర్తొచ్చినట్టు ఆగాడు. ''ఫైలు మాత్రం పారేయకండి. ఇచ్చినవాళ్లు రేపు మళ్లీ అడిగినా అడుగుతారు.''